ఫ్లెక్సీ మీద కాక్‌పిట్: ఆరేళ్ల తర్వాత మళ్లీ విమానం నడిపిన నా అనుభవం

"ఏ ఫంక్షన్ మేడమ్?" అని అడిగాడు మెహదీపట్నంలో ఫ్లెక్సీలు వేసే కుర్రాడు. పెన్‌డ్రైవ్‌లో ఫొటో తెరిచి చూసి నోరెళ్లబెట్టాడు. పెళ్లి కాదు, ఓణీల ఫంక్షన్ కాదు, లీడర్ పుట్టినరోజు అసలే కాదు. ఎయిర్‌బస్ ఏ320 కాక్‌పిట్ ప్యానెల్. అసలు విమానంలో ఎంత సైజులో ఉంటుందో అంత సైజులో కావాలన్నాను. "కింద పేర్లేమైనా వెయ్యాలా?" అని ఇంకోసారి అడిగి, వద్దంటే కొంచెం నిరాశపడి, నాలుగు వందలు తీసుకుని చుట్ట చుట్టి ఇచ్చాడు.

దాన్ని అత్తాపూర్‌లో మా ఇంటి స్టోర్ రూమ్ గోడకి బిగించాను. తల పైన ఉండాల్సిన ఓవర్‌హెడ్ ప్యానెల్ ముక్కని సజ్జ అడుగున అంటించాను. ముందు ఒక డైనింగ్ కుర్చీ. ఎడమ పక్క బియ్యం డ్రమ్ము, కుడి పక్క ఆవకాయ జాడీలు. 2024 దసరా సెలవుల్లో, పిల్లలు పడుకున్నాక, ఆ కుర్చీలో కూర్చుని గాల్లో స్విచ్చులు నొక్కడం మొదలుపెట్టాను. మా ఆయన ఒక రాత్రి మంచినీళ్లకి లేచి వచ్చి, నేను సజ్జ వైపు చెయ్యెత్తి "ఇంజిన్ వన్ ఫైర్ పుష్ బటన్" అంటుంటే చూసి, ఏమీ అడక్కుండా వెళ్లి పడుకున్నారు.

నేను ఎగరడం నేర్చుకుంది బేగంపేటలో, సెస్నా అనే చిన్న విమానం మీద. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కి వెళ్లిపోయాక బేగంపేట బోసిపోయింది. మాలాంటి స్టూడెంట్లకి అదీ మంచిదే అయింది. 200 గంటలు పూర్తిచేసి 2009లో కమర్షియల్ లైసెన్స్ తెచ్చుకునేసరికి ఉద్యోగాలు లేవు. అది మాంద్యం కాలం. మూడేళ్లు జూనియర్లకి వాతావరణం, నావిగేషన్ పాఠాలు చెప్పుకుంటూ గడిపాను. 2012లో ఒక ఎయిర్‌లైన్ తీసుకుంది. 2017లో బాబు పుట్టాడు. అప్పుడు సెలవయ్యాక మళ్లీ ఎక్కాను. 2019 జూలైలో రెండోసారి నెల తప్పానని తెలిసిన రోజే నన్ను ఫ్లయింగ్ నుంచి ఆపారు. మెడికల్ రూల్ అంతే, కడుపుతో ఉంటే అన్‌ఫిట్. అప్పటికి నా లాగ్‌బుక్‌లో 3,200 గంటలు. కమాండ్ అప్‌గ్రేడ్, అంటే కెప్టెన్ అయ్యే లైన్లో నా వంతు దగ్గర్లోనే ఉంది.

2020 ఫిబ్రవరిలో పాప పుట్టింది. మార్చి 25 నుంచి దేశమంతా విమానాలు ఆగిపోయాయి. రెండు నెలల తర్వాత మళ్లీ మొదలయ్యాయి గానీ, కంపెనీలో జీతాల్లేని సెలవులు, ఇంట్లో పసిపిల్ల, మూడేళ్ల పిల్లాడు, తెనాలి నుంచి రాలేని అమ్మ. ఆగస్టులో రాజీనామా పెట్టాను. ఏడుపేమీ రాలేదు. ఆ నెల నిద్ర లేకపోవడం ఒక్కటే గుర్తుంది.

మళ్లీ ఎందుకు వెళ్లావని అడిగితే, ఆకాశం పిలిచింది అని చెప్పాలని ఉంటుంది. నిజం చెప్పాలంటే ఇంటి లోను పిలిచింది. మా ఆయన ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారన్న వార్త వచ్చిన వారం, ఇద్దరం కూర్చుని లెక్కలు వేసుకున్నాం. నాకు ముప్పై ఎనిమిది నడుస్తోంది. ఇంకో రెండేళ్లు ఆగితే ఇక వెళ్లననే భయం కూడా ఉంది. అప్పుడు బీరువా పైనుంచి లాగ్‌బుక్ దింపాను. పిల్లల టీకా కార్డులు, కరెంటు మీటర్ కాగితాలు ఉన్న సంచిలోనే ఉంది.

మొదటి మెట్టు మెడికల్. ఇక్కడ నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, అప్లై చెయ్యకముందే మా ఫ్యామిలీ డాక్టర్ దగ్గర అన్ని టెస్టులూ చేయించుకోవడం. హిమోగ్లోబిన్ 10.2. రెండు సిజేరియన్ల తర్వాత నా ఒంట్లో రక్తం సంగతి నేనెప్పుడూ చూసుకోలేదు. పిల్లలకి చూపించాను, మావయ్యగారికి చూపించాను, నాకు మాత్రం లేదు. నేరుగా వెళ్లి ఉంటే తాత్కాలిక అన్‌ఫిట్ అని రాసేవారు, అది రికార్డులో పడేది. మూడు నెలలు ఐరన్ మాత్రలు, అమ్మ పంపిన మునగాకు పొడి, నువ్వుల ఉండలు. బరువు కూడా తొమ్మిది కిలోలు తగ్గించాల్సి వచ్చింది. దాని గురించి రాయను, అది అందరికీ తెలిసిన కష్టమే.

నా మెడికల్ ల్యాప్స్ అయి చాలా ఏళ్లు కావడంతో 2025 జనవరిలో బెంగళూరులో ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌కి వెళ్లాను. కళ్లు, చెవులు, ఈసీజీ, ట్రెడ్‌మిల్ మీద పరుగు, కడుపు స్కానింగ్. నా ముందు వరుసలో ఉన్నవాళ్లంతా పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు, కొత్తగా ట్రైనింగ్‌కి వెళ్లబోతున్నవాళ్లు. ఒకబ్బాయి నన్ను చూసి లేచి, "ఆంటీ, మీరు కూర్చోండి, మీ అబ్బాయి లోపలున్నాడా?" అన్నాడు. ఉన్నాడని చెప్పి కూర్చున్నాను. తర్వాత నా పేరు పిలిచినప్పుడు వాడి మొహం చూడాల్సింది.

కాగితాల పని గురించి తొందరగా చెప్పేస్తాను. నేను వెళ్లిపోయేటప్పుడు ఫైళ్లు, రబ్బరు స్టాంపులు, ఢిల్లీకి కొరియర్లు. వచ్చేసరికి అంతా ఈజీసీఏ, అంటే పైలట్ లైసెన్సులిచ్చే డీజీసీఏ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్. పాత రికార్డులు కొత్త ఖాతాలోకి ఎక్కించడానికి పట్టిన ఓపిక, పాపకి అన్నం తినిపించే ఓపిక కంటే ఎక్కువ. 2025 ఫిబ్రవరిలో మన శ్రీకాకుళం ఎంపీ, విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు ఎలక్ట్రానిక్ లైసెన్సుని మొదలుపెట్టారు. పైలట్ లైసెన్స్ ఇప్పుడు ఫోన్లోనే ఉంటుంది. ఇంగ్లీష్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ కూడా మళ్లీ రాశాను. అందులో లెవెల్ ఐదు వస్తే ఆరేళ్లే చెల్లుతుంది, నాది దాటిపోయింది. ఇలా వెనక్కి రావాలనుకునే ఆడపిల్లలకి నేను చెప్పేది ఒకటే. ఏది ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుందో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఇంట్లో ఉన్నా సరే, మెడికల్‌ని మాత్రం ల్యాప్స్ కానివ్వకండి. నేను ఆ పని చేసి ఉంటే ఆరు నెలలు మిగిలేవి.

మూడు కంపెనీలకి అప్లై చేశాను. ఒకటి జవాబివ్వలేదు. ఒకటి గ్యాప్ ఎక్కువుందని చెప్పేసింది. మూడోది మార్చిలో పిలిచింది. రాతపరీక్ష అయ్యాక ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. "ఆరేళ్లు ఏం చేశారు?" అన్నారు. ఈ ప్రశ్నకి జవాబు నేను అద్దం ముందు ప్రాక్టీస్ చేసుకుని వెళ్లాను. "ఇద్దరు పిల్లల్ని పెంచాను సర్. ఒకేసారి పది పనులు చూసుకోవడం వచ్చింది. మల్టీటాస్కింగ్‌లో ఇప్పుడు నేను ఇంతకుముందు కంటే మెరుగు" అన్నాను. ముగ్గురూ తలూపారు. నాకూ ఆ మాట బాగా నచ్చింది. చుట్టాలు, స్నేహితులు, అందరూ అదే అనేవాళ్లు. ఇంటిని నడిపినదానివి, విమానం ఎంత అని.

ఆ మాట ఎంత తప్పో జూన్‌లో గురుగ్రామ్ సిమ్యులేటర్‌లో తెలిసింది.

సిమ్యులేటర్ అంటే నేల మీదే ఉండే నకిలీ కాక్‌పిట్. అవి రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. మాకు వచ్చింది రాత్రి ఒంటిగంట నుంచి ఐదు దాకా స్లాటు. నాలుగు గంటల్లో సగం నేను నడుపుతాను, సగం పక్కనున్న కుర్రాడు. అతనికి ఇరవై నాలుగేళ్లు. మొదటి రెండు రోజులూ నా గురించి నేనే ఆశ్చర్యపోయాను. టేకాఫ్‌లో ఇంజిన్ పోగానే, ఏది పోయిందని మెదడు అడిగేలోపే కాలు రడ్డర్ మీద పడిపోయింది. సైకిల్ తొక్కడం లాంటిదంటారే, అదే. మూడో ల్యాండింగ్‌కి చేతికి పాత లెక్క దొరికింది. అంకెలు మాత్రం మర్చిపోయాను. ఏ బరువుకి ఎంత స్పీడు, ఏ ఎత్తులో ఎంత పవర్ అన్నవి మళ్లీ బట్టీ పట్టాల్సి వచ్చింది. రేడియోలో కంట్రోలర్ గడగడా చెప్పే మాటలు మొదట్లో సగమే అందేవి.

నాలుగో రాత్రి. నేను మానిటరింగ్ పైలట్‌ని. నడిపేది కుర్రాడు, నా పని రేడియో, స్విచ్చులు, చెక్‌లిస్టులు. ఆ రోజు టేకాఫ్ ప్యాక్స్ ఆఫ్‌తో. ప్యాక్స్ అంటే క్యాబిన్‌లోకి చల్లగాలినీ ప్రెషర్‌నీ ఇచ్చే యంత్రాలు, రెండుంటాయి. ఇంజిన్‌కి పూర్తి బలం కావాలన్నప్పుడు వాటిని ఆపి ఎగురుతాం. పైకి లేచాక ఒకటి, రెక్కల వెనక ఉండే ఫ్లాప్స్ లోపలికి వెళ్లాక రెండోది ఆన్ చెయ్యాలి. మొదటిది ఆన్ చేశాను. ఫ్లాప్స్ లోపలికి తీశాను. రెండో ప్యాక్ మీదికి చెయ్యి వెళ్తుండగా కంట్రోలర్ హెడింగ్, అంటే వెళ్లే దిశ, మార్చమన్నాడు. చెయ్యి దించి, జవాబు చెప్పి, చెక్‌లిస్ట్ తీసి చదివాను. "ప్యాక్స్... ఆన్."

ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనలేదు. పది వేల అడుగులు దాటనిచ్చి సిమ్యులేటర్ ఆపేశారు. ఆ ఆపడం ఎలా ఉంటుందంటే, ముందు అద్దంలో మబ్బులు అలాగే నిలబడిపోతాయి, చప్పుడు ఆగిపోతుంది, ఏసీ హోరు మాత్రం వినిపిస్తుంది. "మేడమ్, ఓవర్‌హెడ్ చూడండి" అన్నారు హిందీలో. రెండో ప్యాక్ స్విచ్ మీద 'ఆఫ్' అన్న తెల్లటి అక్షరాలు వెలుగుతున్నాయి.

"సారీ సర్, మధ్యలో కాల్ వచ్చింది."

"కాల్ వస్తుంది. రోజూ వస్తుంది. ఒక ప్యాక్‌తో విమానం ఎగురుతుంది కూడా. నా బాధ అది కాదు. మీరు ఆన్ అని చదివారు. చూడకుండా చదివారు."

ఆ రాత్రే ఇంకో రెండుసార్లు ఇలాగే జరిగింది. ప్రతిసారీ ఒకటే తప్పు. ఒక పని మధ్యలో ఇంకోటి వస్తే మొదటిది వదిలేసి రెండోదానికి వెళ్తున్నాను. తిరిగొచ్చేటప్పుడు, ఆగిన చోటికి కాకుండా, అయిపోయి ఉంటుందని మనసు అనుకున్న చోటికి వస్తున్నాను.

తెల్లారి హోటల్‌కి వచ్చి, నిద్ర పట్టక ఆరింటికి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ తీసింది. "ఉండవే, పాలు..." అని వెళ్లింది. అటు నుంచే పెద్దాడి మీద కేకేసింది. మళ్లీ వచ్చి, "ఏమంటున్నావ్?" అంది. నేనింకా ఏమీ అనలేదు. ఫోన్ పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆరేళ్లుగా నేను చేసింది ఇదే కదా. వాషింగ్ మెషీన్ మూత తీసి ఉంటుంది, బట్టలు సగం వేసి ఉంటాయి, స్టవ్ మీద తాలింపు, చేతిలో హోంవర్క్ పుస్తకం, ఇంతలో కాలింగ్ బెల్. ఏ పనీ మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి చేసింది లేదు. ఇంట్లో అది తప్పు కాదు, అలా చేస్తేనే రోజు గడుస్తుంది. పప్పులో ఉప్పు వేశానో లేదో తెలియకపోతే రుచి చూస్తాం. ప్యాక్ స్విచ్‌కి ఆ సౌకర్యం లేదు. ఇంటర్వ్యూలో గొప్పగా చెప్పుకున్నదాన్నే ఇప్పుడు మానుకోవాలి.

తర్వాతి సెషన్‌కి పది రోజులు గ్యాప్ వచ్చింది. ఇంటికొచ్చి ఒక రూల్ పెట్టుకున్నాను. చేతిలో పని ఉండగా ఎవరైనా పిలిస్తే, ఒకటి, ఆ పని పూర్తిచేసి పలకాలి. లేదా ఎక్కడ ఆపానో పైకి చెప్పి ఆపాలి. తిరిగొచ్చాక అనుమానం ఉంటే మళ్లీ మొదటి నుంచి. కాక్‌పిట్‌లో చెక్‌లిస్ట్ రూల్ అదే, నేను దాన్ని వంటింటికి తెచ్చాను. "పోపులో ఆవాలు వేశాను, జీలకర్ర వెయ్యలేదు" అని గట్టిగా చెప్పి తలుపు తీయడానికి వెళ్తుంటే అమ్మ నా వంక ఎలా చూసిందో చెప్పలేను. పాప "అమ్మా" అంటే "స్టాండ్‌బై" అనేదాన్ని. రేడియోలో మేం వాడే మాట, కాస్త ఆగు అని. "ఇదేం చోద్యమే, పిల్ల పిలుస్తుంటే ఇంగ్లీషులో ఆగమంటావేంటి?" అంది అమ్మ. మొదటి రెండు రోజులు పాప ఏడ్చింది. మూడో రోజు, స్టాండ్‌బై అంటే అమ్మ కచ్చితంగా వస్తుంది, ఊరికే "ఆఁ" అంటే రాదు అని దానికి అర్థమైంది. పెద్దాడు స్టోర్ రూమ్ కుర్చీలో కూర్చుని నాకు కంట్రోలర్ అయ్యాడు. నేను ఫ్లెక్సీ మీద స్విచ్చులు నొక్కుతుంటే సరిగ్గా మధ్యలో, "అమ్మా, నా షూ లేసు ఎక్కడుంది?" అని అరవడం వాడి డ్యూటీ. ఏ ఇన్‌స్ట్రక్టరూ అంత కసిగా డిస్టర్బ్ చెయ్యలేడు.

జూలై చివర్లో చెక్, అంటే సిమ్యులేటర్ పరీక్ష, పాసయ్యాను.

ఈ మధ్యలో చదువుకున్న సంగతి ఒకటి మనసులో ఉండిపోయింది. 1936లో లాహోర్‌లో సరళా థక్రాల్ చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానం నడిపినప్పుడు ఆవిడకి ఇరవై ఒక్క ఏళ్లు, ఇంట్లో నాలుగేళ్ల కూతురు. తర్వాత భర్త విమాన ప్రమాదంలో పోయారు. కమర్షియల్ లైసెన్స్‌కి శిక్షణ తీసుకుందామంటే రెండో ప్రపంచయుద్ధం వచ్చి అదీ ఆగింది. మళ్లీ కాక్‌పిట్ వైపు రాలేదు, బట్టలు, నగలు డిజైన్ చేసుకుంటూ బతికారు. ఇప్పుడు మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం ఆడవాళ్లమే, చాలా దేశాల కంటే ఎక్కువ. ఎక్కినవాళ్ల లెక్క అది. మధ్యలో దిగిపోయి మళ్లీ ఎక్కనివాళ్ల లెక్క నాకెక్కడా కనిపించలేదు.

అక్టోబరులో లైన్ ట్రైనింగ్ మొదలైంది. అంటే నిజం విమానం, నిజం ప్రయాణికులు, పక్కన ట్రైనింగ్ కెప్టెన్, మొదటి ఫ్లైట్లకి వెనక జంప్ సీట్లో ఇంకో పైలట్. రోస్టర్‌లో నా కెప్టెన్ పేరు చూసి ఆగిపోయాను. బేగంపేటలో నాకు రెండు బ్యాచ్‌ల జూనియర్. మబ్బుల రకాలు నేనే దానికి నేర్పాను. నా నోట్సు తీసుకెళ్లి ఇప్పటిదాకా తిరిగివ్వలేదు. అది ఆగకుండా ఎగిరింది. ఇప్పుడు భుజాల మీద నాలుగు చారలు, నావి మూడు.

శంషాబాద్‌లో బ్రీత్ అనలైజర్ గొట్టంలో ఊది వస్తుంటే కనిపించి, "అక్కా!" అని వాటేసుకుంది. కళ్లు తడిసాయి ఇద్దరికీ. విమానం దగ్గరికి నడుస్తూ, "అక్కా, ఒక మాట" అంది. "లోపల నేను నిన్ను అక్కా అనను. తప్పు చేస్తే టక్కున చెప్పడానికి ఆ పిలుపు అడ్డొస్తుంది నాకు."

"నేను కూడా నువ్వు అనను కెప్టెన్" అన్నాను.

నవ్వింది గానీ అది నవ్వే మాట కాదు. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్లం. కాక్‌పిట్‌లో ఎదురు చెప్పకపోతే ప్రాణాలు పోతాయని సిబ్బంది కలిసి ఎలా పనిచెయ్యాలో నేర్పే సీఆర్‌ఎమ్ క్లాసుల్లో ఏడాదికోసారి చెబుతారు. అక్క అన్న పిలుపుని తలుపు బయట వదిలెయ్యాలన్న ఆలోచన మాత్రం ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

కుడి సీట్లో కూర్చున్నాను. ముందు అద్దం మధ్య కమ్మీ మీద చిన్న బంతులుంటాయి, రెండు ఎరుపు, ఒకటి తెలుపు. ఎర్రది తెల్లదాన్ని కప్పేసేలా కనిపిస్తే మన కన్ను ఉండాల్సిన ఎత్తులో ఉన్నట్టు. సీటు జరిపి జరిపి అది కుదిరించాను. చెయ్యి ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్‌కి ఎంత ఎత్తు, ఎంత వాలు అని గుర్తులుంటాయి, ఎవరి గుర్తులు వాళ్లకి కంఠతా ఉంటాయి. నావి పాత డైరీలో దొరికాయి. అవే పెట్టి చూస్తే మోచెయ్యి ఆనలేదు. ఒళ్లు మారింది మరి. కొత్త గుర్తులు బాల్‌పెన్‌తో అరచేతిలో రాసుకున్నాను.

హైదరాబాద్ నుంచి విశాఖ. గంట పైన కొంచెం ప్రయాణం. దిగేటప్పుడు కెప్టెన్ కంట్రోల్స్ నాకిచ్చింది. విశాఖ విమానాశ్రయం నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగ. రన్‌వే 28కి దిగాలంటే సముద్రం మీదుగా రావాలి. సాయంత్రం ఎండ సూటిగా కళ్లల్లో, కింద లంగరు వేసిన ఓడలు, ఎడమ వైపు డాల్ఫిన్ నోస్ కొండ. ఆఖరి ఐదు వందల అడుగుల్లో గాలి కుదిపింది. "స్పీడ్" అంది, కత్తితో కోసినట్టు. అక్క అని ఉంటే ఆ మాట అర సెకను ఆలస్యంగా వచ్చేది. సరిచేశాను. విమానం తనంతట తానే "రిటార్డ్, రిటార్డ్" అంటుంది థ్రస్ట్, అంటే ఇంజిన్ బలం, తగ్గించమని. తగ్గించాను. చక్రాలు తాకాయి. మెత్తగా కాదు, గట్టిగానే. వెనక ఎవరో పిల్లాడు "హే" అని అరిచాడట, క్యాబిన్ క్రూ చెప్పారు.

పార్కింగ్‌లో చెక్‌లిస్ట్ చదువుతుంటే, మధ్యలో గ్రౌండ్ ఇంజినీర్ కిందనుంచి పిలిచాడు. "స్టాండ్‌బై" అని, లైను పూర్తిచేసి, అప్పుడు పలికాను. కెప్టెన్ నా వైపు ఒకసారి చూసి ఏమీ అనలేదు.

ప్రయాణికులు దిగాక ఫోన్ ఆన్ చేసి ఇంటికి చేశాను. పాపే ఎత్తింది.

"అమ్మ విమానం దింపిందిరా" అన్నాను.

"స్టాండ్‌బై అమ్మా, ఏనుక్కి తోక గీస్తున్నా" అంది. కట్ చేసేసింది.